పూలదండల ఆటలో మా వాటా

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మావాళ్ళ పెట్టుబడి మాటలన్నీ గ్యారేజీల్లోనే జరిగేవి. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు, టీవీ. బయట ఎండ. మగవాళ్ళకు మిగిలేది గ్యారేజీ. కార్లు డ్రైవ్‌వే మీదికి తీసి, మడత కుర్చీలు వేసుకుని, అల్యూమినియం ట్రేల్లోంచి బిర్యానీ వడ్డించుకుని, కుర్చీలున్నా నిలబడే తినేవాళ్ళం. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం మా వీధి చివర ఉండే ఒకాయన జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

“ఒక్క లెవెల్ ఆడన్నా. ఒక్కటే.”

తెర మీద పైనుంచి రంగురంగుల పూలు రాలుతున్నాయి. ఒకే రంగు పూలను వేలితో కలుపుకుంటూ పోతే దండ అవుతుంది. దండ పూర్తయ్యేలోపు దారం అయిపోతే అరగంట ఆగాలి, లేదా డాలరు పెట్టి దారం కొనుక్కోవాలి. అంతే ఆట. నా దారం రెండు నిమిషాల్లో అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆయన టెలికాం కంపెనీలో ఉద్యోగం మానేసి, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, విజయవాడలో నలుగురు ఇంజనీర్లను పెట్టుకుని ఈ ఆట తయారుచేశాడు. ఆయన కూతురూ మా అమ్మాయీ ఒకే స్కూలు. పొద్దున ఆయన భార్య ఇద్దర్నీ దింపేది, సాయంత్రం మా ఆవిడ తీసుకొచ్చేది. మా మధ్య చుట్టరికం లేదు. ఆయన నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. ఇక్కడా తమ్ముడనే రాస్తాను.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. నేను చదివింది జంతుశాస్త్రం, చేసేది ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 2001లో అంతకుముందు చేస్తున్న ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నప్పుడు, జీతంతో పాటు ఆ కంపెనీ ఇచ్చిన షేర్లు ఎందుకు చిత్తుకాగితాలయ్యాయో తెలుసుకుందామని పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. కంపెనీల వార్షిక నివేదికలను వెనక పేజీల నుంచి ముందుకు చదవడం అక్కడే అలవాటైంది. ఛైర్మన్ ఉత్తరం ముందుంటుంది, అప్పులు వెనకుంటాయి. క్రమంగా మావాళ్ళలో ఎవరు ఇల్లు కొన్నా, లోన్ మార్చుకున్నా, కాగితాలు ముందు నాకు చూపించేవాళ్ళు. “ఆయన చూశాడా?” అనేది మా గ్యారేజీల్లో ఒక ప్రశ్న.

అందుకే తమ్ముడు పదిమందిలో ఫోన్ నా చేతిలోనే పెట్టాడు. అది నాకూ అర్థమైంది.

మూడు నెలల లెక్కలు పంపమన్నాను. దాచకుండా అన్నీ పంపాడు. ఫోన్ ఆటల వ్యాపారంలో ఎంతమంది ఆటను ఫోన్‌లోకి దించుకున్నారన్నది పెద్ద విషయం కాదని అప్పటికే చదివి ఉన్నాను. దించుకున్నవాళ్ళలో వారం తర్వాత ఎంతమంది ఇంకా ఆడుతున్నారు, వాళ్ళలో ఎంతమంది డబ్బు పెడుతున్నారు, అదీ చూడాల్సింది. మామూలుగా జనం ఇలాంటి ఆటలను వారం తిరక్కుండానే చెరిపేస్తారు. ఈ ఆటలో మాత్రం సగానికి దగ్గరగా నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళలో చాలామంది రోజూ దారం కొంటున్నారు. ఆడేవాళ్ళు వందల్లోనే ఉన్నారు, ప్రకటనలు ఇంకా టెక్సాస్ దాటలేదు. కానీ ఆ నిలకడ చూసి నాకు నమ్మకం కలిగింది. దాన్ని రెండు వారాలు అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

“ఇది పాప కాలేజీకి దాచిన డబ్బు కదండీ,” అంది మా ఆవిడ.

“పాప ఇప్పుడు తొమ్మిదిలోనే కదా. మూడేళ్ళ పైన టైముంది.”

“ఆ టైముకి వెనక్కి రాకపోతే?”

“దానికీ లెక్క వేశాను.”

“వేస్తే సరే.” సంతకం చేసి పెన్ను మూత పెట్టింది.

ఒప్పందంలో ఒక పేజీని నేను రెండుసార్లు చదివాను. వాటా బయటివాళ్ళకు అమ్మకూడదు. డబ్బు వెనక్కి అడగకూడదు. కంపెనీని ఎవరైనా కొంటేనే మా చేతికి డబ్బు వస్తుంది. ఈ పెట్టుబడికి ఉన్న తలుపు లోపలికే తెరుచుకుంటుందని ఆ పేజీ స్పష్టంగానే చెప్పింది. లోపల అంత బాగున్నప్పుడు బయటికి వెళ్ళే పని ఏముంటుంది అనుకున్నాను. నేను పెట్టాక మరో ఎనిమిది కుటుంబాలు పెట్టాయి. వాళ్ళు లెక్కలు అడగలేదు. నేను చూశానా అని మాత్రం అడిగారు.

ఏడాది తిరిగేసరికి కంపెనీలో డబ్బు అయిపోయింది. ఇంకొక విడత పెట్టాలన్నాడు తమ్ముడు. పెట్టకపోతే కొత్తగా వచ్చేవాళ్ళ డబ్బు ముందు మా వాటా కరిగిపోతుంది. పెడితే పాప డబ్బులో మిగిలిన సగమూ లోపలికి పోతుంది. ఆ వారమంతా ఆ ఎనిమిది ఇళ్ళ నుంచీ ఫోన్లు.

“మీరు పెడుతున్నారా లేదా? అది చెప్పండి చాలు.”

“లెక్కలు పంపిస్తాను, చూడండి.”

“అవి మాకెక్కడ అర్థమవుతాయండీ. మీరు పెడుతున్నారా?”

పెట్టాను. వాళ్ళూ పెట్టారు.

ఆ ఏడాది బతుకమ్మ శనివారం నాడు దారం అమ్మకాలు దాదాపు సున్నాకు పడిపోయాయి. మర్నాడు మళ్ళీ లేచాయి. నేను సర్వర్ ఆగిపోయిందేమో అనుకుని తమ్ముడికి ఫోన్ చేశాను. సర్వర్ బాగానే ఉందన్నాడు. ఆ రోజు నాకు వేరే ఆలోచన రాలేదు. అంకె పడిపోతే యంత్రంలో కారణం వెతకడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు.

ఆ తర్వాతి వారం ఒకరింట్లో భోజనాలు. మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్ళాను. నలుగురు ఆడవాళ్ళు కౌంటర్ చుట్టూ నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. అన్నింటిలోనూ పూలు రాలుతున్నాయి.

“వదినా, నీది ఎన్నో లెవెల్?” అని అడిగింది ఆ ఇంటావిడ, గుంటూరామె.

“లెవెల్ ఎవరికి ఎరుక వదినా,” అంది వరంగల్ నుంచి వచ్చినామె. “పొద్దుగాల కాఫీ పెట్టుకుంట ఒక దారం కొంట. గంతే. ఆడేదే లేదు.”

“ఆడకుండా కొనడమేంటే?”

“బోణీ వదినా! మనోళ్ళ దుకాణం గద. పొద్దుగాల ఒకలన్న కొనకపోతె ఎట్ల?”

“నేనూ అంతేలే,” అంది పక్కనున్న ఇంకొకామె. “మా చెల్లెలికి కూడా చెప్పాను, న్యూజెర్సీ ఎడిసన్‌లో. వాళ్ళ బిల్డింగ్‌లో ఆంటీలందరి చేతా డౌన్‌లోడ్ చేయించింది.”

“మరి బతుకమ్మ నాడు కొన్నావా?” అని వరంగల్ ఆమెను అడిగింది గుంటూరామె.

“ఏడ కొంట? దినమంత పూలు పేర్చుడే సరిపాయె. అసలు పూలుంటే ఫోన్ల పూలు ఎవరికి గావాలె!”

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా. ఆమె ఫోన్‌లోనూ అదే ఆట.

నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. రెండు వారాలు నేను అటూ ఇటూ తిప్పి చూసిన ఆ నిలకడ, ఆ నమ్మకం, ఈ వంటింట్లో ఉంది. మావైపు ఎవరు కొత్తగా కొట్టు పెట్టినా తెలిసినవాళ్ళు పొద్దున్నే వెళ్ళి ఏదో ఒకటి కొంటారు, అవసరం ఉన్నా లేకపోయినా. మంచి చేయి, మంచి మొదలు. కొట్టువాడు ఆ ఒక్క అమ్మకాన్ని చూసి ఊరంతా కొంటుందనుకోడు. నేను అనుకున్నాను, మరో ఎనిమిది కుటుంబాల చేత అనిపించాను.

కారులో మా ఆవిడను అడిగాను. “నువ్వెందుకు కొంటున్నావు?”

“మన వాటా పెరగాలనే కదా.”

ఆమె పెట్టే ప్రతి డాలర్లో ముప్పై సెంట్లు ఫోన్ కంపెనీ స్టోరు పట్టుకుంటుంది. మిగిలినదాంట్లో మా వాటాకు రెండు సెంట్లు. అవీ చేతికి రావు. ఆ మాట చెప్పాను. “మరి ఆపేయనా?” అంది.

ఆపితే అంకె పడిపోతుంది. అంకె పడితే కంపెనీని ఎవరూ కొనరు. కొనకపోతే పాప కాలేజీ డబ్బు రాదు. ఆపకపోతే మా కొట్టులో మేమే కొనేవాళ్ళం. తమ్ముడితో చెబితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

“మనవాళ్ళు ఆడితే మాత్రం ఏమన్నా? వాళ్ళు మనుషులు కారా? వాళ్ళ డాలర్ డాలర్ కాదా?”

ఆయనకు ముందే తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

పాప పదకొండో తరగతిలో ఉండగా కాలిఫోర్నియాలో ఒక పెద్ద కంపెనీ ఈ ఆట మీద ఆసక్తి చూపించింది. పెట్టుబడి పెట్టినవాళ్ళ తరఫున నన్ను మాట్లాడమన్నాడు తమ్ముడు. పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఆ గదిలో, కింద నుంచి డ్రిల్లు మోత వినిపిస్తుంటే, స్పీకర్ ఫోన్ ముందు కూర్చున్నాం. అవతల ఒక అమ్మాయి. గొంతు మర్యాదగా ఉంది. మా నిలకడ అంకె చాలా గొప్పగా ఉందంది. తర్వాత, డబ్బు పెడుతున్నవాళ్ళలో మీకు తెలిసినవాళ్ళు ఎంతమంది అని అడిగింది.

తమ్ముడు మ్యూట్ నొక్కాడు. “అన్నా, కొందరు అను. అబద్ధం కాదుగా అది.”

“కొందరు కాదు తమ్ముడూ.”

“నీ డబ్బు కూడా ఇందులోనే ఉందన్నా. పాప డబ్బు.”

“తెలుసు.”

మ్యూట్ తీశాడు. నాకు తెలిసినంతలో చాలామంది మాకు తెలిసినవాళ్ళేనని చెప్పాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు. టెక్సాస్ తీసేసి ఒకసారి అవే అంకెలు పంపగలరా అని అడిగింది, అంతే. మాకు అది ఒక్క బటన్ పని. నొక్కాం. మిగిలినవి ఎడిసన్, నార్త్ కరోలినాలోని క్యారీ. ఎడిసన్ సంగతి వంటింట్లో విన్నదే. క్యారీలో ఉన్నది తమ్ముడి తోడల్లుడు, ఆయన అపార్ట్‌మెంటువాళ్ళు. వాళ్ళనూ తీసేస్తే లెక్కకు వేళ్ళు చాలు.

కాలిఫోర్నియా వాళ్ళు కొనలేదు.

ఎనిమిది ఇళ్ళకూ నేనే ఫోన్ చేసి చెప్పాను. ఎవరైనా తిడితే బాగుండేది. “మీరూ పెట్టారు కదండీ, మాతో పాటే,” అన్నారు. భోజనాలకు పిలుస్తూనే ఉన్నారు. ఇంకో సంగతి, వాళ్ళ ఆడవాళ్ళు బోణీ కూడా మానలేదు. కష్టంలో ఉన్నప్పుడే కదా కొనాలి అన్నారు. ఆ డాలర్లతో గదుల అద్దె వెళ్ళిపోయేది. అందుకే కంపెనీ మూతపడలేదు. మూతపడితే పన్నుల్లో నష్టం చూపించుకునే వీలైనా ఉండేది. బతికి ఉన్నదాన్ని పోయిందని రాయడానికి చట్టం ఒప్పుకోదు. ఏటా దాని పన్ను కాగితం గడువు దాటాకే వచ్చేది. దాని కోసం ఏటా నా పన్నులకు వాయిదా తీసుకునేవాణ్ణి. మూసేయమని రెండుసార్లు అడిగాను. “ఇంకొక్క అప్‌డేట్ అన్నా,” అన్నాడు. ఆయన ఇంటి మీద రెండో లోన్ ఉందని అప్పుడే తెలిసింది. మూసిన రోజు ఆయన ఆ సంగతి తన భార్యకు చెప్పాలి.

మా అమ్మాయికి బోస్టన్ దగ్గర ఒక కాలేజీలో సీటు వచ్చింది. ఇక్కడి రాష్ట్ర యూనివర్సిటీలోనూ వచ్చింది. రెండు ఉత్తరాలూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది.

“డాడీ, బోస్టన్‌ది కట్టగలమా? నిజం చెప్పు.”

“ఇప్పుడు కట్టలేం తల్లీ.”

“ఆ గేమ్ మనీ?”

“ఉంది. తీయలేం.”

“దెన్ ఇట్స్ నాట్ దేర్, డాడీ.”

ఆమె దాన్ని కోపంగా అనలేదు. కూడికలో తప్పు చూపించినట్టు అంది. మూడేళ్ళుగా నా దగ్గరున్న ఆస్తుల పట్టికలో ఆ వాటాను నేను పెట్టిన ధరకే చూపిస్తూ వస్తున్నాను. ఆమె బోస్టన్ ఉత్తరం మడిచి కవరులో పెట్టేసింది.

యూనివర్సిటీకి దింపడానికి మా కారు చాలదు. పరుపు, చిన్న ఫ్రిజ్, రైస్ కుక్కర్, పెట్టెలు. అడగకుండానే తమ్ముడు తన వ్యాన్ తెచ్చి మా డ్రైవ్‌వేలో నిలిపాడు. వద్దంటే ఏం కారణం చెప్పాలి? నేను ఆయన పక్కన కూర్చున్నాను. మా ఆవిడా అమ్మాయీ వెనక. దారి పొడవునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

“ఈసారి పూలు కాదన్నా. ముగ్గులు. చుక్కలు కలపాలి. అమెరికన్స్‌కి కూడా నచ్చుతుంది.”

“తమ్ముడూ, ముందు పాతది మూసెయ్.”

“మూస్తానన్నా. కొత్తది లేస్తే పాతది దాంట్లోనే కలిపేద్దాం. నీ వాటా అలాగే ఉంటుంది, ఎక్కడికీ పోదు.”

ఎక్కడికీ పోదన్నది నిజమే. నేను హైవే పక్క బోర్డులు చదువుతూ కూర్చున్నాను.

హాస్టల్ దగ్గర ఫ్రిజ్ ఒక చివర ఆయన, ఒక చివర నేను పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కించాం. నాకంటే ఎక్కువ బరువు ఆయనే మోశాడు. చొక్కా తడిసిపోయింది. వెళ్ళేముందు పర్సు తీసి వంద డాలర్ల నోటు పాప చేతిలో పెట్టాడు.

“నో అంకుల్, ప్లీజ్.”

“మొదటిసారి బయటికి వెళ్తున్నావు. పెద్దవాళ్ళిస్తే వద్దనకూడదు.”

పాప నావైపు చూసింది. ఆ కంపెనీ నుంచి మా ఇంటికి వచ్చిన డబ్బు అదొక్కటే.

“తీసుకోమ్మా,” అన్నాను.

పాపను గదిలో వదిలి కిందికి వచ్చాం. మా ఆవిడ వెనక సీట్లో ఒక్కతే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఇంటికి మూడున్నర గంటల దారి. తమ్ముడు ఏసీ నావైపు తిప్పి, “ఇందాక ముగ్గుల సంగతి సగంలో ఆగింది కదన్నా,” అన్నాడు. చెప్పమన్నాను. వ్యాన్ ఆయనది.