కూర్చున్నదానికి ఒక్క రొట్టె

తాండూరులో మా మేనత్తకు కోడలు కడుపునిండా తిండి పెట్టడం లేదని మా బంధువులంతా చెప్పుకుంటారు. చూసొచ్చినవాళ్లు పుల్లలా అయిపోయిందంటారు, చూడనివాళ్లు దానికి ఇంకో రెండు మాటలు కలుపుతారు. శుద్ధ అబద్ధం. ఆ ఇంట్లో ఎవరికెన్ని రొట్టెలో తేల్చేది మొదటినుంచీ అత్తమ్మే. చివరికి తనకు తానే కోత పెట్టుకుంది. ఈ సంగతి నాకు తట్టింది వికారాబాదులో, పొద్దున నడిచి వచ్చి, మా అమ్మాయి కొనిచ్చిన చేతి పట్టీని చూసుకుంటున్నప్పుడు. నడకలో ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో అది అంకె వేసి చూపిస్తుంది. ఆ రోజు రెండు వందల పది అన్నది. ఆ ధైర్యంతో రెండు మిర్చిబజ్జీలు తిన్నాను. తింటుంటే, ఏ పట్టీ లేకుండానే ఈ లెక్క వేసిన మనిషి గుర్తొచ్చింది.

అప్పట్లో మామ నాపరాతి గనిలో పని చేసేవాడు, మిగిలినవాళ్లు కంది చేనుకు పోయేవాళ్లు. పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు చరుస్తూనే అత్తమ్మ అందరినీ విచారించేది. "ఇయ్యాల మోసినవా, గుంజినవా, ఒంగినవా?" బండలు మోస్తే నాలుగు రొట్టెలు, ఒంగి కలుపు తీస్తే మూడు, గట్టు మీద నుంచి బర్రెలను చూస్తే రెండు. ఊరికే కూర్చుంటే ఒకటి. దీన్నే మావాళ్లు పిసినారితనం అంటారు. మామ వద్దని చెయ్యి అడ్డం పెట్టినా నాలుగోది ఆయన పళ్లెంలో పడేసి, "తిను, రేపు మల్ల మొయ్యాలె" అని గదమాయించేది. పిసినారులు అలా చేస్తారా?

డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు పోతే నన్నూ అడిగింది. పొద్దుటినుంచి చదువుకున్నానన్నాను. "ఒంగినవా?" అన్నది. లేదన్నాను. ఒక్కటి వేసింది. నాకు ఒళ్లు మండింది. మెదడు కూడా పని చేస్తుందని వాదించాను. "చేస్తే సెమట రావాలె గదనే" అన్నది, అందరూ నవ్వారు. మర్నాడు పంతం కొద్దీ కంది కోతకు పోయాను. నాలుగు సాళ్లు కోసేసరికి నడుము పట్టేసి, గట్టు మీద వెల్లకిలా పడుకున్నాను. రాత్రి కూలబడి నాలుగు రొట్టెలు కావాలన్నాను. రెండే వేసింది. "నువ్వు అలిసినవ్, పని జెయ్యలే. అలసట వేరు, పని వేరు బిడ్డా." ఇన్నేళ్లకు ఆ మాట విలువ తెలిసింది. గుట్ట ఎక్కుతుంటే నా గుండె దడదడమంటుంది, పట్టీలో అంకె గబగబా పెరుగుతుంది. అది నా దమ్ము లేనితనం చూసి గొప్ప పని చేశాననుకుంటోందేమోనని నా అనుమానం. అత్తమ్మ అయితే మోసపోయేది కాదు.

పోయిన నెల ప్యాసింజరు బండెక్కి తాండూరు పోయాను. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మోకాళ్లు పోయాయి, ఏ పనీ చేయలేదు, కాబట్టి పూటకు ఒక్క రొట్టె. కోడలు కళ్లు తుడుచుకుంది. "రెండోది వేస్తె తీసి పక్కకు వెడుతది అక్కా. ఊరంత నన్నే అంటున్నరు." బతిమాలితే వినే మనిషి కాదని నాకు తెలుసు, లెక్కకు లెక్కే జవాబు. నా పట్టీ తీసి ఆమె చేతికి కట్టాను. చివరి రంధ్రానికి పెట్టినా జారుతోంది. ఫోన్లో ఆమె వయసు, బరువు కొట్టి, గంటసేపు కబుర్లు చెప్పి అంకె చూపించాను.

"నేనేం జెయ్యలే గదనే, గిదెక్కడిది?"

"ఊపిరి తీసినవ్. గుండె కొట్టుకున్నది. ఒళ్లు వెచ్చగున్నది. గదంత పనే అత్తమ్మా."

"పండుకున్నా గిట్లనేనా?"

"పండుకున్నా."

"దినమంత కలిపితే ఎన్ని రొట్టెలైతయి?"

లెక్క వేసి ఐదన్నాను. అంకెను కొంచెం పెంచి చెబుదామనుకున్నాను గానీ ఆ అవసరం రాలేదు. పట్టీని ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత కోడలిని పిలిచి రెండో రొట్టె అడిగింది. కోడలు పరుగెత్తింది. నేను గెలిచానని మురిసిపోతున్నాను. పుంటికూర అద్దుకుని సగం తిన్నాక అత్తమ్మ చెయ్యి ఆగింది.

"మా అత్త మూడేండ్లు మంచంల ఉండె. కూసున్నదానికి ఎక్కువెందుకని పూటకు ఒక్కటే వెట్టిన."

ఆ ముసలామెకు అరగదనే అలా పెట్టి ఉంటావని అనబోయాను. అంటే వినేదా? అత్తమ్మ తల వంచుకుని, ముక్క మిగల్చకుండా ఆ రొట్టె తినేసింది.

ఇప్పుడు పూటకు రెండు తింటోందని కోడలు ఫోను చేసి చెబుతోంది. ముఖం కాస్త తేరుకుందట. తెలివి ఎప్పుడొచ్చినా మంచిదేనంటారు గానీ, ఆలస్యంగా వచ్చిన తెలివి మొదట వెనక్కి తిరిగి గడిచిపోయిన ఏళ్లనే తవ్వుతుందని నాకు తెలియలేదు. అడగాలని ఫోను తీస్తాను, పెట్టేస్తాను: ఆ రెండో రొట్టె అత్తమ్మ తన ఆకలికి తింటోందా, వాళ్ల అత్తకు పెట్టనిదాన్ని తింటోందా?