నిన్నటి గంజి

ఒంటిమీద దద్దుర్లు లేచినప్పుడల్లా ప్యాకెట్లనే తిట్టుకున్నాను. సూపు చిక్కబడటానికి కలిపే మొక్కజొన్న పిండినీ, గోరుచిక్కుడు గింజల జిగురునీ అనుమానించి ఇంట్లోంచి గెంటేశాను. తర్వాత సూరత్‌లోని అడాజన్ పేటలో డాక్టరు తేల్చి చెప్పాడు, తిండిలోని హిస్టమిన్ అనే రసాయనం నా ఒంటికి పడదని, నిల్వవీ పులిసినవీ ముట్టొద్దని. పెరుగు పోయింది, పచ్చళ్లు పోయాయి, టమాటా కూడా పోయింది. మిగిలింది అమ్మ చేసే పెసరపప్పు చారు. అది తిన్నా దద్దుర్లే. ఊరి చివర సచిన్ పారిశ్రామికవాడలో ఆఫీసుకు వాచిన మొహంతోనే వెళ్లొచ్చేదాన్ని. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత అదీ లేదు, మొద్దుబారిపోయాను.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "గిట్ల నీళ్లు తాగినట్టు తింటే ఏం బలముంటది బిడ్డా?" అనేది. చారు రోజురోజుకీ చిక్కబడింది. ఏం కలుపుతున్నావని నేను అడగలేదు. అమ్మ వంటని ఎవరు అనుమానిస్తారు!

ఓ ఆదివారం మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ మూత పెట్టిన గిన్నెలోంచి గరిటెడు తీసి నా చారులో పోస్తోంది. పుల్లటి వాసన కొట్టింది.

"ఏందమ్మా అది?"

"గంజే. నిన్నటిది. ఉప్పు లేదు, కారం లేదు."

"నిన్నటిదా?"

"అప్పుడే వార్చిన గంజి ఏం పట్టుకుంటది? రాత్రంత పులిస్తేనే జిగురొస్తది. సూరత్‌కు రాకముందు మన మగ్గం నూలుకు గదే పెట్టేటోళ్లం, పోగు తెగకపోతుండె. నీ ఒంటికీ గట్లనే పట్టుకుంటదని పోసిన."

"పులిసింది వద్దన్నడు కదమ్మా డాక్టరు!"

"పులిసిందంటే పెరుగనుకున్న, పచ్చడనుకున్న." అమ్మ గరిటె కింద పెట్టింది. "గంజి గూడనా బిడ్డా?"

కోపం రావాల్సింది, రాలేదు. జాలీ రాలేదు. చారు పారబోసి గిన్నె కడిగాను.

ఇప్పుడు నా వంట నేనే చేసుకుంటున్నాను. చారు పలచగా ఉంటుంది, ఒళ్లు నున్నగా ఉంది. అమ్మ పొయ్యి దగ్గరకు రావడం మానేసింది. పిలిస్తే, "నా చెయ్యి నీకు పడది తియ్యి," అంటుంది. నాకది నచ్చలేదు. నిన్న, పొయ్యి మీంచి అప్పుడే దించిన చారు ఆమె ముందు పెట్టి, వడ్డించమని గరిటె ఆమె చేతికిచ్చాను. అమ్మ చారు వాసన చూసింది. చుక్క నాలుక మీద వేసుకుంది. మళ్లీ వాసన చూసి, "నా నాలుక మీద నాకే నమ్మకం లేదు బిడ్డా," అని గరిటె నాకే తిరిగిచ్చేసింది.

నేనే వడ్డించుకుని తిన్నాను. దద్దుర్లు రాలేదు.