షిండర్ అనే ఇంటిపేరు

ఈ రోజు క్యాంపస్‌లో జర్మన్ క్లాసులో ఇంటిపేర్ల గురించి చెప్పారు. ష్మిట్ అంటే కమ్మరి. ముల్లర్ అంటే పిండి మర నడిపేవాడు. షిండర్ అంటే చచ్చిన పశువుల తోలు తీసేవాడు. ఆ పని చేసేవాళ్ళు పూర్వం ఊరి బయటే ఉండాలట, తాగే చోట వాళ్ళ కప్పు కూడా వేరేనట.

"పని మానేసినా పేరు వదల్లేదు" అన్నారు మేడం. అందరూ రాసుకున్నారు. నాకు రాయబుద్ధి కాలేదు.

ఈ వారంలో హాస్టల్ ఖాళీ చేయాలి. అందుకే సాయంత్రం తార్నాకలో ఒక గది చూడటానికి వెళ్ళాను. ఇంటి ఆంటీ గది చూపించి, మంచినీళ్ళిచ్చారు.

"మంచిగ చదువుకునే పిల్ల లెక్కనే ఉన్నవ్. పేరేంది బిడ్డా?"

"గ్రేస్, ఆంటీ."

"అది సరే. ఇంటిపేరు?"

చెప్పాను. ఖాళీ గ్లాసు కోసం చాచిన ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"గాడ మెట్టు మీద పెట్టు బిడ్డా. మా సార్‌ని అడిగి ఫోన్ చేస్తా."

గేటు దాటి వెనక్కి చూశాను. మెట్టు మీద గ్లాసు ఒక్కటే ఉంది, తలుపు మూసేశారు.

బస్సెక్కాక గుర్తొచ్చింది, ఆమె నా నంబర్ అడగనేలేదు. ఇలాంటి ఫోన్ మీలో ఎవరికైనా వచ్చిందా?