పొట్టేలు తలకాయ పందెం

నిన్న పొద్దున మా కాలేజీ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. పాత విద్యార్థులూ ఇప్పటి పిల్లలూ ఒక పూట సరదాగా కలిసి భోంచేస్తారట, వయసులో పెద్దవాణ్ని కాబట్టి నేను వచ్చి నాలుగు తీపి జ్ఞాపకాలు చెప్పాలట. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. షుగరుంది తల్లీ అని ఏదో గొణిగి పెట్టేశాను. అలాంటి భోజనం మా మైసూరు సీమ చింతామణి ఊళ్లో మొట్టమొదట ఏర్పాటు చేసిన ఘనుణ్ని నేనేనని ఆ పిల్లకు తెలియదు. తెలిస్తే పిలిచేది కాదు.

అరవైల మొదట్లో మాట. నేను బి.ఏ. చివరి ఏడు. విద్యార్థి సంఘానికి కార్యదర్శిని, అంటే ఇస్త్రీ ఖద్దరు చొక్కా తొడుక్కుని అడగనివాళ్లకు కూడా సలహాలిచ్చేవాణ్ని. మా కంటే ముందు చదివినవాళ్లు లాయర్లూ మేష్టర్లూ అయ్యారు, ఒకాయన చిక్కబళ్లాపురంలో ఆలుగడ్డల మండీ పెట్టాడు. వాళ్లను పిలిచి ఒక పూట మాతో కూర్చోబెడితే మాకూ ఏదో దారి దొరుకుతుందని నా ఆలోచన. ఉపన్యాసాలు వద్దు, దండలు వద్దు. మురుగమల్ల దారిలో ఒక మామిడితోపు, పొద్దున కబడ్డీ, మధ్యాహ్నం రాగిముద్దా పొట్టేలు మాంసమూ. 'హళే విద్యార్థులకు', అంటే పాత విద్యార్థులకు, అంటూ కన్నడంలో కార్డులు నేనే రాశాను. నా దస్తూరి మీద నాకు మహా గర్వం.

హాస్టల్లో నా గదిలో ఉండేవాడు బాగేపల్లి పక్క పల్లెవాడు. తండ్రి ఆ ఊరి పెద్దింట్లో జీతగాడు. తాత కూడా ఆ గొడ్లచావిట్లోనే పుట్టి అక్కడే పోయాడట. ఇతను ఆ ఏడు పరీక్ష పాసైతే హైస్కూల్లో మేష్టరు కావచ్చు. తప్పితే, నడుము వంగిపోయిన తండ్రి బదులు జూన్‌లో వచ్చి మడక పట్టి పొలం దున్నాలని పెద్దింటివాళ్లు ముందే చెప్పారు. పరీక్షకు మూడు వారాల గడువుంది. ఆ పెద్దింటి చిన్నకొడుకు కూడా మా కాలేజీలో చదివినవాడే. నా కార్డు అందుకుని వస్తానని రాశాడు. ఒకే ఊరివాళ్లు, ఎదురెదురు జట్లలో ఆడితే ముచ్చటగా ఉంటుందని నేను సంబరపడ్డాను.

అంతటితో ఆగినా బాగుండేది. మా వైపు ఊళ్లలో పొట్టేలు కోస్తే తలకాయ పెద్దింటికి పోవాలి. ఎవరు కొన్నా సరే, ఎవరు కోసినా సరే, అది ఆనవాయితీ. నాకు దాన్ని మార్చాలనిపించింది. కబడ్డీలో గెలిచిన జట్టు నాయకుడికే తలకాయ అని నోటీసు బోర్డులో పెట్టేశాను. మా జట్టుకు నాయకుడు నా గది మిత్రుడే. అతను బోర్డు చూసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"పందెం ఇంకేమన్నా పెట్టప్పా. తలకాయ వద్దు."

ఇది ఊరు కాదు, కాలేజీ అన్నాను.

"ఆయప్ప ఊరినుంచే కదప్పా వస్తాండేది," అన్నాడు. నేను నవ్వాను.

ఆదివారం మొదట్లో అంతా వేడుకే. పెద్దలు పంచెలు ఎగ్గట్టి, బొజ్జలు బిగబట్టి దిగారు. లాయరుగారు గీత దాటకముందే కూత ఆపేశారు. చివరి కూతకు పెద్దింటి చిన్నకొడుకు వచ్చాడు. నా మిత్రుడు చీలమండ దొరకబుచ్చుకుని లాగాడు. ఆయన ముఖం మట్టిలో కూరుకుపోయింది. ఆట గెలిచి మావాళ్లు ఈలలు వేశారు. ఆయన లేచి, నోట్లో మట్టీ నెత్తురూ ఉమ్మేసి, పోయి పంక్తిలో కూర్చున్నాడు.

తలకాయ కూర విస్తట్లో పెట్టి నా చేత్తోనే మిత్రుడి ముందుంచాను. అతను ముట్టలేదు. విస్తరి రెండు చేతులా ఎత్తుకుని పోయి ఆయన ముందు వంగి, "మీరే తినండి సామీ," అన్నాడు. అతను ఇవ్వాలనుకున్నది మర్యాద. కానీ ఒకసారి జీతగాడి కొడుకు ముందు పెట్టిన విస్తరి అది. దాన్ని ఇంతమందిలో తన ముందు పెడితే ఆయనకు ఎంగిలి పెట్టినట్టే.

ఆయన విస్తరిని కాలితో తన్నాడు. వేడి పులుసు అతని ముఖాన పడింది. తర్వాత ఇనుప గరిటె తీసుకుని నెత్తిన కొట్టాడు. చెవి పక్కన చిట్లి రక్తం మెడ మీదికి కారింది. మా కుర్రాళ్లు లేచారు, ఆయన బ్యాచివాళ్లూ లేచారు. గంట కిందట భుజాల మీద చేతులేసుకున్నవాళ్లు రాళ్లు తీసుకున్నారు. మండీ ఆయన ముందుపళ్లు రెండు పోయాయి. ఒక కుర్రాడు పులుసు డేగిసా మీద పడి మోచేతిదాకా కాల్చుకుని అరిచాడు. నా మిత్రుడు చాలాసేపు చెయ్యెత్తలేదు, తల కాచుకుంటూ 'వద్దు సామీ' అంటూనే దెబ్బలు తిన్నాడు. చివరికి పొయ్యిలోంచి కాలే కట్టె లాగి పైకెత్తాడు.

అప్పుడు కార్యదర్శినైన నేను గొడవ ఆపాను. వెనకనుంచి పోయి అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. కట్టె జారిపోయింది. పెద్దింటాయన దాన్నే అందుకుని, నేను పట్టుకున్న కుడి మణికట్టు మీద రెండుసార్లు వేశాడు. రెండో దెబ్బకు చెరుకు విరిచినట్టు చప్పుడైంది. ఆ అదురు నా వేళ్లకు తెలిసింది.

కేసు కాలేదు. కబడ్డీలో తగిలిన దెబ్బ అని పెద్దలు ఒక కాగితం రాయించారు. మొదటి సంతకం నాది. పరీక్షలో వేరేవాళ్ల చేత రాయించుకోవడానికి పెట్టిన అర్జీకి జవాబు పరీక్షలయ్యాక వచ్చింది. జూన్‌లో అతను వంకర అతికిన చేత్తో పోయి పెద్దింటి మడక పట్టాడు. నాకు మాత్రం ఆ రోజు పరిచయమైన లాయరుగారే చిక్కబళ్లాపురంలో గుమాస్తా ఉద్యోగం వేయించారు. నేను వేసిన పథకం పారింది, నా ఒక్కడికి. సిగ్గుగా ఉంది, అయినా నిజం అది.

ఏడెనిమిదేళ్లకు బాగేపల్లి సంతలో కనిపించాడు. టీ తాగాం, గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. క్షమించమని అడగబోయి, వానల సంగతి అడిగాను. అతనే అన్నాడు:

"నువ్వు పట్టుకోకుంటే ఆ పొద్దు ఆయప్పను చంపేసుందును. జైల్లో ఉందును. అట్లని నాకు నేనే చెప్పుకుంటాంటానప్పా. కొన్ని దినాలు నమ్ముతా. కొన్ని దినాలు నమ్మబుద్ధి కాదు."

అతను పోయి కూడా చాన్నాళ్లయింది. అతని చేతులు నేను పట్టుకున్నది గుక్క తిప్పుకునేంత సేపు. ఆ కాస్తసేపు గడిచిపోవడానికి నాకు అరవై ఏళ్లు చాలలేదు.