కొమ్మ పట్టే పిట్టలు, అమ్మ పాట

మా కాలేజీలో జంతుశాస్త్రం రికార్డు రాయడానికి జంతువును చూడనక్కర్లేదు. పై ఏడాది వాళ్ల రికార్డు చూస్తే చాలు. వాళ్లూ తమ పై వాళ్లది చూసే రాశారు. అలా చేతులు మారి మారి, నేను డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి పిచ్చుక బొమ్మ కోడిపెట్టంత అయింది. మా లెక్చరరుగారు అన్నిటికీ టిక్కు పెట్టేవారు. ఆ ఏడాది మాత్రం ఆయనకేం బుద్ధి పుట్టిందో, కొమ్మ పట్టే పక్షుల వర్గంలో పదింటిని మన ఊళ్లో ఏమంటారో రాసుకు రమ్మన్నారు.

నాకు కాకి, పిచ్చుక తెలుసు. మిగతావన్నీ పిట్టలే. నాన్నను అడిగాను. ఆయన లెక్కలో పక్షులు రెండే రకాలు: మన చెరువులో చేపలు తినేవి, పక్కవాళ్ల చెరువులో తినేవి.

అమ్మకు అన్నీ తెలుసు. వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పుకుపోయింది. గేదె వీపు మీద సవారీ చేసేది పసుల పోలిగాడు. తోక కింద ఎర్రగా ఉండేది పికిలిపిట్ట. తాటాకుకు గూడు వేలాడదీసేది గిజిగాడు. ఇంకా గోరింక, జీనువాయి, తేనెపిట్ట, వంగపండు పిట్ట. నావి రెండూ కలిపితే తొమ్మిది.

"పదోది కోయిల. రాసుకో."

"కోయిల కుదరదమ్మా."

"అదేంటే, అది కొమ్మ మీద కూర్చోదా?"

"కూర్చుంటుంది. కానీ ఈ వర్గానికి మూడు వేళ్లు ముందుకి, ఒకటి వెనక్కి ఉండాలి. కోయిలకి రెండు ముందుకి, రెండు వెనక్కి."

"మరి కాకి?"

"కాకి ఉంది. ఇందులోనే పాడే పక్షులని ఇంకో గుంపుంది, అందులోనూ ఉంది. దాని గొంతులో పాటకి కావలసిన కండరాలన్నీ ఉన్నాయట."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నేను పదోది ఖాళీగానే వదిలేసి రికార్డు ఇచ్చాను. లెక్చరరుగారు ఆ ఖాళీకి కూడా టిక్కు పెట్టారు.

అమ్మ పుట్టింట్లో చాలా పాటలు నేర్చుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మంగళహారతి పాడితే, మా మేనత్త "మా తమ్ముడు కాకిని కట్టుకున్నాడు" అని నవ్విందట. మేనత్తది కోయిల గొంతని ఊరంతా ఒప్పుకున్న మాట. ఆ తర్వాత అమ్మ పదిమందిలో పాట కోసం నోరు విప్పలేదు.

మా వైపు పేరంటంలో పాడమనగానే పాడేయడం మర్యాద కాదు. మొదటిసారి జలుబు చేసిందనాలి. రెండోసారి పాట మర్చిపోయాననాలి. మూడోసారి "మీ ముందు నేనేం పాడతానండి" అనాలి. నాలుగోసారి అడిగాక గొంతు సవరించుకుని, ఉన్న చరణాలన్నీ పాడాలి. ఈ లెక్కన మా మేనత్తకు నడి వేసవిలో కూడా జలుబు తగ్గేది కాదు. అమ్మనూ మాటవరసకు అడిగేవారు. అమ్మ జలుబనగానే "అయ్యో, జాగ్రత్తండి" అని ముందుకు సాగిపోయేవారు. అమ్మ జలుబును మాత్రం అందరూ మొదటిసారికే నమ్మేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ శ్రావణ శుక్రవారం ఒక రొయ్యల రైతుగారింట్లో పేరంటానికి అమ్మ, మేనత్త, నేను వెళ్లాం. మేనత్త మూడుసార్లు వద్దని, నాలుగోసారి పాడింది. ఇంటావిడ గంధం గిన్నె పట్టుకుని వచ్చి, "మీరూ ఒకటి పాడండి వదినగారూ" అని అమ్మతో అని, జవాబు కోసం ఆగకుండా పక్కావిడ వైపు తిరిగింది.

అమ్మ పాట మొదలుపెట్టింది.

జలుబు లేదు, మరుపు లేదు. గంధం పూయబోతున్న ఇంటావిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమ్మ గొంతు బొంగురుగా ఉంది, పై స్థాయికి వెళ్లినప్పుడల్లా జీరపోతోంది. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు. మేనత్త ముక్కున వేలేసుకుంది. ఎవరో దగ్గారు. ఒకావిడ తన తాంబూలం సంచిలో ఏదో పోయినట్టు వెతకసాగింది.

వేళ్లు లెక్కపెట్టి పక్షులకు న్యాయం చేసిన నేను తల దించుకున్నాను. సిగ్గేసింది. త్వరగా అయిపోతే బాగుండునని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. దేవుడు వెంటనే విన్నాడు. అమ్మ పాట ముగించి, శనగలు కొంగున కట్టుకుని లేచింది.

మేనత్త అక్కడే ఆగిపోయింది. మేమిద్దరం రిక్షా ఎక్కాం.

"బాగానే పాడావమ్మా," అన్నాను సగం దారిలో.

అమ్మ చెరువుల వైపు చూస్తూ, "ఇంకా రెండు చరణాలున్నాయే. నీ మొహం చూసి ఆపేశాను," అంది.