తట్ట ఎత్తిన చెయ్యి

మొన్న మా చిన్నకోడలు నీళ్ళ బిందె ఒరిగిపోతోందని, దాని కింద పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వంటింటి అటకంతా వెదికి, మాసిపోయి, ఉప్పు పట్టి బిగుసుకుపోయిన ఒక గుడ్డ చుట్టను పట్టుకొచ్చింది. “ఇదేందత్తా, రాయి మాదిరి ఉండాది” అని నేలకేసి కొట్టి చూపించింది. అది నా చుట్టకుదురు. పాత నేతచీర చింపి, మెలిపెట్టి, తలకు సరిపోయేట్టు గుండ్రంగా చుట్టి, వలనూలుతో నేనే కుట్టుకున్నది. తలమీద బరువు మోసిన మా ఈడు ఆడవాళ్ళకు దాని సంగతి చెప్పక్కర్లేదు, మోయని వాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. అయినా చెబుతాను, ఎందుకంటే దాన్ని చూడగానే నాకు గుర్తొచ్చింది చేపలమ్ముకున్న రోజులు మాత్రమే కాదు, మా ఆయన భుజం కూడా.

మాది నెల్లూరు వైపు, కోట అనే ఊరు దాటి తూర్పుకు పోతే, సముద్రానికీ ఉప్పుటేటికీ మధ్య ఉండే పల్లె. మా ఆయన విసురువల మనిషి. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, వల అంచు పళ్ళతో కరిచి పట్టి, మిగతాది మోచేతిమీద మడతలు వేసుకుని, ఒళ్ళంతా తిప్పి విసిరితే అది నీళ్ళమీద పున్నమి చంద్రుడంత గుండ్రంగా పడేది. నేను గట్టుమీద కూర్చుని మడవ చేపలను, రొయ్యలను, పీతలను వేరుచేసి తట్టకెత్తుకుని, వరిపొలాల మధ్య ఊళ్ళకు నడిచిపోయేదాన్ని. నిండిన తట్టను నేలమీంచి తలమీదికి ఒంటరిగా ఎత్తుకోగల ఆడది మా పల్లెలో పుట్టలేదు. మోయడం ఒక్కరి పనే, ఎత్తడం మాత్రం ఇద్దరి పని. దించడమూ అంతే. చేపల నీచు వాసనని కొంగుతో ముక్కు మూసుకునే ఇల్లాలు కూడా, చేప కావాలంటే ముందు నా తట్టకు ఒక చెయ్యి వేయక తప్పేది కాదు. ఆ చెయ్యి వేశాక బేరంలో కాస్త మెత్తబడేది కూడాను, అది వేరే సంగతి.

గట్టుమీద నా తట్ట ఎత్తేది మా ఆయనే. నీళ్ళోడుతూ వచ్చి, ముందు చుట్టకుదురు నా నడినెత్తిన పెట్టి, అరచేత్తో అదిమి, ఒక్కసారి తిప్పి సరిచేసి, అప్పుడు తట్ట ఎత్తేవాడు. ఆయన మాటల మనిషి కాదు. నలుగురిలో మొగుడూ పెళ్ళామూ దగ్గరగా నిలబడే కాలమూ కాదది. మాకు దొరికిందల్లా ఆ కాస్త సేపే. జాగర్త అని ఆయన, గంజి ఉట్టిమీద ఉందని నేను, రోజూ అవే రెండు మాటలు.

కొన్నేళ్ళకు, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక, ఆయన నా తట్ట ఎత్తడం మానేశాడు. నేను తట్ట నింపేసరికి వల ఉతుకుతున్నట్టో, బీడీ వెతుకుతున్నట్టో దూరంగా జరిగిపోయి, ఎత్తమని మా ఆడబిడ్డను కేకేసేవాడు. నాకు ఒళ్ళు మండింది. నాది లోపల దాచుకునే గుణం కాదు గనక మొహంమీదే అడిగాను. “ఆడోళ్ళ పని ఆడోళ్ళు చూసుకోండి” అన్నాడు. సరే, ముసలిదాన్నయ్యాను గదా అనుకున్నాను. అలా ఎంత కాలం గడిచేదో గాని, ఒకరోజు ఆడబిడ్డ జ్వరంతో రాలేదు, గట్టున ఇంకెవరూ లేరు, ఆయనే ఎత్తాల్సి వచ్చింది. తట్ట ఆయన రొమ్ము దాకా లేచింది, అంతే. కుడిచెయ్యి తెగిన తాడు మాదిరి కిందికి జారింది, చేపలన్నీ నామీదా ఇసుకలోనూ పడ్డాయి. కాకులు దిగాయి. ఆయన కాకుల్ని తోలలేదు, చేపలు ఏరలేదు, తన చేతివంకే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు, కొన్నేళ్ళుగా ఆ భుజం లేవడం లేదని, నడుం బలంతోనే వల విసురుతున్నాడని, వల గుండ్రంగా కాక అరచందమామలా పడుతోందని. ఊళ్ళో మగవాళ్ళందరికీ తెలుసు. ఆ ఏళ్ళలో నేను చేపల్నే చూశాను గాని వల పడే తీరు చూడలేదు.

తైలాలు రుద్దించాం, కట్లు కట్టించాం, బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఎవరో కాపడం పెడతారంటే అక్కడికీ పోయాం. ఆ పక్కకు తిరిగి పడుకోలేక కూర్చునే కునికే స్థితికి వచ్చాక, రొయ్యల గుంటల్లో పనిచేసే మా చిన్నకొడుకు పట్టుబట్టి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నాకు అక్షరాలు ముప్పై దాటాక, రాత్రి బడిలో వచ్చాయి. వచ్చిన దగ్గర్నుంచి కనబడిన బోర్డునల్లా పైకి చదవడం నా అలవాటు. ఆసుపత్రి వసారాలో ఒక్కో గది పేరూ కూడబలుక్కుంటూ నేను ముందు నడుస్తుంటే, వెనకనుంచి మా ఆయన, “నువ్వు సదివేలోపల నా రెండో బుజం గూడా పోతాది, ఎవుర్నన్నా అడగమ్మే” అన్నాడు. మాటలు తక్కువే గాని, అంత నొప్పిలోనూ ఆయన ఎత్తిపొడుపు అదే.

డాక్టరు ఎక్సరే ఫోటో చూపించి, భుజం గుండు అరిగిపోయింది, దాన్ని పట్టి ఉంచే కండరాలు తెగిపోయాయి, తీసేసి లోహపు కీలు పెట్టాలి అన్నాడు. నొప్పి పోతుంది, చెయ్యి నోటిదాకా, తలదాకా పోతుంది, కానీ వల విసరకూడదు, బరువు ఎత్తకూడదు అని కూడా అన్నాడు. మేము ముందు మాట విన్నాం, ఆయన వెనక మాటే విన్నాడు. నిద్ర లేక అలసిపోయి ఒప్పుకున్నాడే గాని మనసుతో కాదు.

కీలు మార్చారు. చెయ్యి మెడకు కట్టిన జోలెలో వేసి ఇంటికి పంపారు. ఆ రోజుల్లో ఆయనకు అన్నం నేనే కలిపి పెట్టాను. అడిగి మారు వడ్డించుకోవడమే తెలియని మనిషి, పిట్టపిల్ల మాదిరి నోరు తెరవాలంటే కోడలి ముందు సిగ్గుపడ్డాడు, అందుకని తలుపు దగ్గరకు వేసి పెట్టేదాన్ని. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు బతికినా, ఆయనకు ఎదురుగా నిలబడి దువ్వెన పట్టుకునేసరికి పాపిడి ఎటువైపు తీయాలో నాకు చటుక్కున తోచలేదు. చంటిపిల్లల్ని పెంచిన చేతులే గనక మిగతా పనులన్నీ వచ్చాయి. చంక తుడవడం, చొక్కాలోకి ముందు ఆ చెయ్యి దూర్చడం, మోచేతి కింద దిండు పెట్టడం, కసురుకుంటే తిరిగి కసరడం.

జోలె తీశాక ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి, గోడమీద వేళ్ళతో పైకి పాకించాలి, రోజూ కొంచెం పైకి పోవాలి అని చేసి చూపించింది. నన్ను పక్కకు పిలిచి, ఇప్పుడు కదిలించకపోతే చెయ్యి ఎక్కడుంటే అక్కడే బిగుసుకుపోతుందమ్మా, కీలు మార్చి కూడా లాభముండదు అని చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన గోడను చూసి, “గోడకి పాకేదానికి నేనేమన్నా బల్లినా?” అని మంచంమీద కూర్చున్నాడు. ఎన్ని తిట్టినా లేవలేదు.

నేనొక ఉపాయం చేశాను. చిరిగిన వల కంటబడితే ఆయన చేతులు ఊరుకోవు. అందుకని ఆయన పాత వలను వసారా వాసానికి తాడుతో వేలాడదీసి, వల అల్లే సూదీ నూలూ పక్కన పెట్టాను. అనుకున్నట్టే లేచాడు. ఆయన టీ తాగడానికి పోయినప్పుడల్లా నేను తాడు కొంచెం పైకి లాగి కట్టేదాన్ని. వల పైకి పోతోంది, చిరుగులు పూడుతున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయి ఆడబిడ్డకూ పక్కింటామెకూ గొప్పగా చెప్పుకున్నాను. ఒక మధ్యాహ్నం కోట సంత నుంచి కాస్త ముందుగా వచ్చి చూద్దును గదా, ఆయన చేపల ప్లాస్టిక్ పెట్టె బోర్లించి, దానిమీద నిలబడి అల్లుతున్నాడు. వల ఎంత పైకి పోతే ఆయనా అంత పైకి పోయాడు. చెయ్యి మాత్రం మొదట ఉన్న చోటే ఉంది.

నాకు నవ్వు రాబోయి, పెట్టెవంక చూసి ఆగింది. పడితే ఆ కీలు ఏమయ్యేది. దిగమన్నాను. దిగి, నావంక చూడకుండా, “ఎత్తి ఏం జెయ్యాల? వల ఇసిరేదా?” అన్నాడు. బుజ్జగించడం నాకు రాదు. లోపలికి పోయి చుట్టకుదురు తెచ్చి, ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, దాన్ని ఆయన చేతికిచ్చాను.

“పెట్టు.”

“యాడికి పోతుండావు?”

“యాడికీ పోను. పెట్టు.”

నేను తట్ట తిప్పడం అప్పటికే మానేశాను. నేలమీద కూర్చున్న మనిషి తలే గనక, ఆయన సులువుగానే పెట్టాడు. అరచేత్తో అదిమి, ఒక్కసారి తిప్పాడు. నేను చెప్పలేదు, చేతికే గుర్తుంది. మరుసటి రోజునుంచి పీటమీద కూర్చున్నాను. అది అలవాటయ్యాక, ఆయన ఎక్కిన ఆ పెట్టెమీదే కూర్చున్నాను. గోడను చూస్తే రాని కోపమూ పట్టుదలా నా తలను చూస్తే వచ్చాయి ఆయనకు. ఇక మిగిలింది నేను నిలబడటం. నేను పొడుగు మనిషిని. పెళ్ళినాడు పీటలమీద మమ్మల్ని చూసి, పిల్లకు బిందె ఎత్తాలంటే పిల్లోడికి నిచ్చెన కావాలని ఊరంతా ఎగతాళి చేసింది. అక్కడే చాలా కాలం ఆగిపోయింది ఆ చెయ్యి. చెవిదాకా వచ్చి జారేది, చుట్టకుదురు నా భుజంమీద పడేది.

“కొంచెం వంగమ్మే, నీ సొమ్మేం పోయింది” అనేవాడు.

“తట్ట ఎత్తేటప్పుడు ఎప్పుడన్నా వంగినానా? వంగితే చేపలు నిలస్తాయా?” అనేదాన్ని.

వంగలేదు. ఒక్కోనాడు జాలేసినా మెడ బిగించుకుని నిలబడ్డాను.

ఏ రోజో గుర్తులేదు, ఏ విశేషమూ లేని పొద్దు. కోడలు వాకిలి ఊడుస్తోంది. ఆయన చెయ్యి చెవి దాటింది, కణత దాటింది, చుట్టకుదురు నా నడినెత్తిన కూర్చుంది. అదిమి, ఒక్కసారి తిప్పి, చెయ్యి తీయకుండా అలాగే ఉంచాడు. తలమీద తట్ట లేదు, పోయే ఊరూ లేదు. “జాగర్త” అన్నాడు. గంజి ఉట్టిమీద ఉందని నేనూ అన్నాను. ఇంట్లో ఉట్టీ లేదు, గంజీ లేదు.

ఆ తర్వాత ఆయన వల విసరలేదు. తన చేత్తో తన తల దువ్వుకుంటాడు, అన్నం తింటాడు, గట్టున కూర్చుని కుర్రాళ్ళ విసురుకు వంకలు పెడతాడు. బాగుచేసిన వల వసారా వాసానికే ఉంది.

ఇప్పుడు మా కోడలు చేపల్ని ఐసు వేసిన పెట్టెల్లో సర్ది, చక్రాల బండిమీద ఆటో దాకా తోసుకుపోతుంది. నాయుడుపేట చేపల వ్యాపారులు ఫోనులోనే బేరం చేస్తారు. నా నడినెత్తిన వెంట్రుకలు రాలి అరచేయంత బోడిగా మిగిలింది గనక, ఆ రోజులే బాగున్నాయని నేను అబద్ధం చెప్పను. కోడలి మెడ నొప్పెట్టడం లేదు, సంతోషం. కానీ ఆమెకు పొద్దున్నే ఎవరినీ కాస్త చెయ్యెయ్యమని పిలవాల్సిన పని లేదు. బరువు తగ్గింది, దాంతోపాటు ఆ పిలుపూ పోయింది. ఒంటరిగా ఎత్తుకోలేని బరువు ఉండబట్టే కదా మేమిద్దరం రోజుకొక్కసారైనా అంత దగ్గరగా నిలబడింది.

చుట్టకుదురు బిందె కిందికి వద్దన్నాను. “తట్టా లేదు, మోసేదీ లేదు, ఇంకెందుకత్తా ఇది?” అంది కోడలు. నేను చెప్పేలోపే వసారాలోంచి మా ఆయన వచ్చి, ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుని, కాళ్ళ కింద ఏమీ వేసుకోకుండా, ఆ చేత్తోనే అటకమీద తిరిగి పెట్టేసి పోయాడు.

మా ఇంట్లో బిందె ఇప్పటికీ కొంచెం ఒరిగే ఉంది.