యూడిన్ విశ్రాంతి

కారియకూ దీవిలో విండ్‌వార్డ్ ఊరి యూడిన్ ఇరవై రెండేళ్లుగా పరుల విశ్రాంతికి వండిపెడుతోంది. అంటే మన ఊళ్లోవాళ్లు కాదు, చలిదేశాల వాళ్లు. డిసెంబరు నుంచి మే దాకా అద్దె నావల మీద ఆమె వంటమనిషి. స్నేహితులు నలుగురైదుగురు కలిసి వస్తారు. ఎక్కేటప్పుడు ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చేట్టుంటారు. రెండోరోజుకు వీపులు కాలతాయి. మూడోరోజున మంచి గది ఎవరికి దక్కిందన్న విచారణ మొదలవుతుంది. నాలుగోరోజు ఇద్దరు ముందువైపు, ఇద్దరు వెనకవైపు కూర్చుని చెరో సముద్రాన్ని చూస్తుంటారు. దిగేటప్పుడు మాత్రం "ఎంత హాయిగా గడిచిందో!" అని యూడిన్ చేతులు పట్టుకుని ఊపుతారు.

"అవునండీ, నేనూ చూశాను కదా" అంటుంది యూడిన్, మర్యాదగా.

అటువంటి యూడిన్‌కు యాభై ఎనిమిదో ఏట, ఒక జూన్ నెలలో, విశ్రాంతి తీసుకునే ఖర్మ పట్టింది. పట్టించింది ఆమె ప్రాణస్నేహితురాళ్లే. దీవి పట్నం హిల్స్‌బరోలో దుకాణం నడిపే ఇస్మే ఒకతె. బడిలో పెద్ద టీచరుగా చేసి, రిటైరయ్యాక కూడా ఊరందరి తప్పులూ దిద్దుతున్న వెర్లిన్ ఇంకొకతె. ముగ్గురూ ముప్ఫై ఏళ్లుగా చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుని పాడుతున్నారు.

"పుట్టి బుద్ధెరిగాక పడవెప్పుడెక్కాం? పెళ్లికో, చావుకో, సిమెంటు బస్తాలకో! ఊరికే కూర్చోడానికి ఒక్కసారైనా ఎక్కామా?" అంది ఇస్మే. ఆమె మరిది కత్‌బర్ట్ కొత్తగా ఒక తెరచాప నావ కట్టాడు. దాన్ని నలుగురికీ చూపించకపోతే అతనికి అన్నం సయించడం లేదు. "నాలుగు రోజులు తిప్పుతాను వదినా. నడపడం నేనే, వంటా నేనే" అన్నాడు.

వెర్లిన్ వేలు చూపించి మరీ షరతు పెట్టింది. "యూడిన్, నువ్వు వంటగదిలో కాలు పెట్టావో, నిన్ను నడిసముద్రంలోనే దింపేస్తా."

"నేనెందుకు పెడతానే? నాకేం పిచ్చా!" అంది యూడిన్. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. కాలు పెట్టలేదు. చెవి పెట్టింది.

మొదటిరోజు యూనియన్ దీవి వైపు ఎదురుగాలిలో సాగుతున్నారు. కత్‌బర్ట్ చుక్కాని తాడుతో కట్టేసి వంటకు కిందికి దిగాడు. వెర్లిన్ పుస్తకం తెరిచింది. ఇస్మే కళ్లు మూసుకుంది. యూడిన్ డెక్కు మీద కాళ్లు చాపుకుని, కింద గదిలో గిన్నెల చప్పుడుకు టీకా తాత్పర్యం చెప్పసాగింది.

"మూత తీశాడు. అప్పుడే ఎందుకు తీశాడు?" కాసేపటికి, "ఉప్పు ఇప్పుడు వేస్తున్నాడే, అయ్యో!" ఇంకాసేపటికి, "ఒరేయ్ కత్‌బర్ట్, అది ఉల్లిపాయరా, దుంగ కాదు!"

"అక్కా, నువ్వు విశ్రాంతి తీసుకో" అని కింద నుంచి గొంతు వచ్చింది.

"అదే కదరా చేస్తున్నా!"

రెండోరోజు టొబాగో కీస్ అనే చిన్న దీవుల మధ్య లంగరేశారు. అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టొచ్చు, నీళ్లు అంత తేటగా ఉన్నాయి. ఇస్మే తాడు పట్టుకుని నీళ్లలో దిగి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. "ఇటు రావే! ఎంత పెద్ద తాబేలో చూడు!"

"చూశాలే. ఇరవై రెండేళ్లుగా అదే తాబేలు" అంది యూడిన్. ఆమె చూపు కత్‌బర్ట్ శుభ్రం చేస్తున్న చేప మీద ఉంది. అతనికి పొలుసు తీయడం రాదు. లోకంలో యూడిన్‌కు తప్ప ఎవరికీ రాదు.

మూడోరోజు పొద్దున మేరో దీవి దగ్గర వెర్లిన్ పుస్తకం మూసేసింది. మూడు రోజులుగా పదకొండో పేజీలోనే ఉంది పాపం.

"నువ్వు వంట చెయ్యట్లేదే, ఒప్పుకుంటున్నా. కానీ నీ నోరు మాత్రం మూడుపూటలా పొయ్యి మీదే ఉంది. మాకు తల తిరిగిపోతోంది."

యూడిన్ ముఖం ముడుచుకుంది. "అలాగా? ఇక ఈ నోరు తెరిస్తే అడగండి" అని, మూలకు పోయి కుక్కిన పేనులా కూర్చుంది. ఆ మౌనం ఆమె మాటలకన్నా భయంకరంగా ఉంది.

మధ్యాహ్నం కత్‌బర్ట్ ఆయిల్‌డౌన్ అనే కూర పొయ్యి మీద పెట్టాడు. సీమపనస ముక్కలు, ఉప్పు మాంసం, చేమాకులు, పసుపు, రెండు కొబ్బరికాయల పాలు. పాలన్నీ ఇగిరి అడుగున నూనె మాత్రం మిగలాలి. ఆ లోపు పైకొచ్చి, తెరచాప స్తంభానికి మాను ఎక్కణ్ణుంచి తెచ్చాడో చెప్పడం మొదలెట్టాడు. చెట్టు కొట్టడం దగ్గరే అరగంట పట్టింది.

వాసన ముందు యూడిన్‌కే తగిలింది. పళ్లు బిగించి, రెండు చేతులా పక్కనున్న తాడు పట్టుకుంది.

"ఒడ్డున ఎవరో చెత్త కాలుస్తున్నట్టున్నారు" అంది ఇస్మే. "ఊళ్లోవాళ్లకు బొత్తిగా శుభ్రం లేదు" అంది వెర్లిన్. ఇంతలో వంటగది నుంచి నల్లటి పొగ వచ్చింది. కత్‌బర్ట్ పరుగెత్తాడు.

గిన్నె పైకి తెచ్చాక యూడిన్ వైపు దీనంగా చూశాడు. "అక్కా, నీకు వాసన రాలేదా?"

"వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"విశ్రాంతిలో ఉన్నాను."

వెర్లిన్‌కు నవ్వాగలేదు, ఇస్మేకూ అంతే. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే కత్‌బర్ట్ మాత్రం లేచి నావ ముందుకు వెళ్లి, వీపు తిప్పి కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి. నావ కట్టిన చేతులు ఒడిలో ఊరికే పడి ఉన్నాయి.

ఆ వీపు చూశాక యూడిన్ గెలుపు చప్పబడిపోయింది. పనిలో చేరిన మొదటి ఏడు ఆమె కూడా ఒక పూట అన్నం మాడ్చింది. నావ యజమాని గిన్నెతో సహా సముద్రంలో పారేసి, అతిథులతో కలిసి నవ్వాడు. ఆ రాత్రి ఆమె పస్తు పడుకుంది.

లేచి కంచం తీసుకుంది. పైన బాగున్న ముక్కలు వెర్లిన్‌కూ ఇస్మేకూ వదిలేసి, అడుగుది గీకి వడ్డించుకుని, కత్‌బర్ట్ పక్కన కూర్చుంది.

"అది తినకు అక్కా, చేదు."

"చేదేరా. నేను మాడ్చింది ఇంతకన్నా చేదు" అని ఆ కథంతా చెప్పింది. అతను చివరికి కంచంలో చెయ్యి పెట్టాడు. "మంట తగ్గించాలా?" అన్నాడు. "మాను కథ తగ్గించాలి" అంది యూడిన్.

తిన్నాక అక్కడే, తెరచాప నీడలో ఒరిగిపోయింది. నోరు తెరిచి గురకపెట్టి నిద్రపోయింది. కత్‌బర్ట్ గిన్నెలు తోమే చప్పుడుకు కూడా కదల్లేదు. వెర్లిన్ తన తలగుడ్డ విప్పి ఆమె కాళ్ల మీద కప్పి, పన్నెండో పేజీ తిప్పింది.

మర్నాడు గాలి వెనక నుంచి వీస్తుంటే సులువుగా ఇల్లు చేరారు. రేవులో పక్కింటావిడ ఎదురొచ్చింది. "ఎలా ఉందమ్మా ప్రయాణం?"

"తిండి దరిద్రం. స్నేహితులు అంతకన్నా దరిద్రం. వచ్చే జూన్‌లో మళ్లీ వెళ్తున్నాం" అంది యూడిన్.